ముప్పై రెండు మైక్రాన్లు

నాకు మనుషుల వేళ్ళ మీద ఉన్నంత నమ్మకం కాగితాల మీద లేదు. కానీ ఆ శుక్రవారం నా ఖర్మ కొద్దీ కోర్టుకి కావలసింది కాగితమే.

ఉదయం పది దాటి ఐదు నిమిషాలు. సాయంత్రం నాలుగింటికి పెద్దమ్మని జడ్జిగారి ముందు నిలబెడతారు. నేరం హత్య. ఈలోగా నేను ఏదో ఒకటి తేల్చకపోతే ఆ అరవై రెండేళ్ళ మనిషి జైలుకి పోతుంది. నా దగ్గర ఉన్నవి ఆరు గంటల సమయం, ఒక నోట్‌బుక్కు, అందులో దేనికీ పొసగని ఒక అంకె. ఆ అంకెని చూసి చూసి మూడు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు, ఆవిడ తరఫున మొక్కల సాక్ష్యం వెతకడం నా పని. దగ్గు పొడి తయారుచేసే ఒక గోదాములో ఇరవై ఆరేళ్ళుగా ఆకు ఏరుతోంది. అక్కడ అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఆ పొడి ఒకే ఒక్క మొక్క ఆకుతో చేస్తారు. గోదాము భాషలో దాని పేరు అక్కాకు. దానికి అచ్చుగుద్దినట్టుండే తోబుట్టువు ఒకటుంది, చెల్లాకు. అదే రంగు, అదే వాసన, ఆకు మీద అదే తెల్లటి నూగు. అక్క దగ్గు తగ్గిస్తుంది. చెల్లెలు గుండె ఆపుతుంది.

సోమవారం పొద్దున ఏడూ పదికి గోదాము యజమాని తన కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. ఆయన తాగిన కషాయం కప్పు అడుగున చెల్లాకు విషం దొరికింది.

స్టేషన్‌లో నన్నూ పెద్దమ్మనీ ఒక బల్లకి చెరోవైపు కూర్చోబెట్టి పదిహేను నిమిషాలు గడువిచ్చారు.

"శనివారం మీరు యజమానితో అన్న మాట మళ్ళీ చెప్పండి," అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావమ్మాయ్? 'అది తాగితే పోతారు' అన్నాను. గోదామంతా విన్నది. బతిమాలాను తల్లీ. బెదిరించానంటున్నారు."

"ఏది తాగితే?"

"పదిహేడో మూట. గురువారం పదకొండింటికి దిగింది. వేలు పెట్టగానే తెలిసిపోయింది. అక్కాకు నూగు వేలి కింద దూదిలా సర్దుకుంటుంది. ఇది సర్దుకోలేదు, గుచ్చుకుంది. అప్పుడే ఎర్రదారం కట్టేశాను."

ఆ గోదాములో ఎర్రదారం అంటే ఆఖరి మాట. మూట మెడకి అది పడితే జల్లెడ గది గుమ్మం తొక్కకూడదు, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ఆ దారం కట్టే హక్కు పెద్దమ్మ ఒక్కదానిదే.

"శుక్రవారం?"

"కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. శనివారం వచ్చేసరికి మూట లేదు. ఏదని అడిగితే వెనక్కి పంపేశామన్నాడు అయ్యగారి అల్లుడు. అటు చూస్తే అయ్యగారు కొత్త పొడి కలుపుకుని తాగుతున్నారు. 'నీ వేళ్ళకి ముసలితనం వచ్చింది, చూడు, నేను రాయిలా ఉన్నాను' అని నవ్వారు."

"సోమవారం మీరు వెళ్ళేసరికి ఎలా ఉన్నారు?"

"ఏడింటికి పాలాయన మీద విరుచుకుపడుతున్నారు, పాలు పచ్చగా ఉన్నాయని. నేను చూశాగా, మల్లెపూవులా ఉన్నాయి. పది నిమిషాలకి తల వాల్చేశారు."

పాల సంగతి కూడా రాసుకున్నాను. రాసుకోవడం వరకే, దాని గురించి ఆలోచించలేదు. ఆ తప్పు నాది.

"మరి మీ ఏప్రన్ జేబులో పుప్పొడి దొరికిందంటున్నారు."

పెద్దమ్మకి కోపం వచ్చింది. "ఆకు ఏరేదాని జేబులో పుప్పొడి ఉండక పోస్టుకార్డులుంటాయా? ఆకుతో పాటు నాలుగు పూలు రాలతాయి, జేబు నిండుతుంది. నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను. ఒక్కడు వింటేగా!"

వినరు. ఎందుకంటే అటువైపు మైక్రాన్ మాస్టారున్నాడు.

ఆయన ప్రభుత్వ పరీక్షాలయంలో మొక్కల నిపుణుడు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆయన నోటి నుంచి అంతకన్నా పెద్ద కొలత రాదు. ఆయన రిపోర్టు మూడు వాక్యాలు. ఒకటి, అక్క, చెల్లెళ్ళ పుప్పొడి ఆకారంలో ఒక్కటే, తేడా అల్లా వ్యాసంలోనే. రెండు, మ్యూజియంలోని చెల్లాకు స్లైడులో రేణువు నలభై మైక్రాన్లు, పెద్దమ్మ జేబులోదీ నలభై. మూడు, గోదాము ప్యాకెట్లలోనూ యజమాని డబ్బాలోనూ ఉన్నది ముప్పై రెండు, కాబట్టి అది చెల్లాకు కాదు, సరుకు శుభ్రం. పొడిలో విషం లేదు, కప్పులో ఉంది, కలిపింది పెద్దమ్మ. పొడిని రసాయన పరీక్షకి పంపితే వరస వచ్చేసరికి మూడు వారాలు. పుప్పొడికి మూడు గంటలు చాలు. ఆ మూడు గంటల పరీక్ష మీదే పెద్దమ్మని లోపల వేశారు, పట్టుకున్న సరుకుని నిన్న వదిలేశారు.

నేనూ అదే స్లైడు తెచ్చుకుని కొలిచాను. నలభై. ప్యాకెట్టూ కొలిచాను. ముప్పై రెండు. పెద్దమ్మ వేళ్ళు నిజమైతే ప్యాకెట్లో నలభై రావాలి. రాలేదు. స్టేషన్ మెట్లు దిగుతుంటే నాకే ఆవిడ మీద అనుమానం వచ్చింది. ఆ అనుమానానికి నా మీద నాకే ఒళ్ళు మండింది.

పదకొండుంపావుకి గోదాము. అల్లుడు ఎదురొచ్చాడు. యజమాని అల్లుడే ఇప్పుడు అన్నీ చూసుకుంటున్నాడు. నలభై ఏళ్ళవాడు, చొక్కా మడత నలగనివ్వడు.

"మంచినీళ్ళు తాగుతారా మేడమ్?"

ఆ గోదాములో అడుగుపెట్టిన ప్రతివాడికీ గుక్కెడు వేడి కషాయం ఇవ్వడం పాతికేళ్ళ అలవాటు. గుమ్మం పక్కన స్టవ్వు, గిన్నె, బోర్లించిన కప్పులు ఉన్నాయి. స్టవ్వు చల్లగా ఉంది.

"కషాయం లేదా?"

"ఈ గొడవలో ఎవరు కాస్తారండీ."

"సరుకు శుభ్రమని రిపోర్టు వచ్చిందిగా. మీరు తాగట్లేదా?"

"నాకు దగ్గు లేదు," అన్నాడు.

జల్లెడ గది చూపించమన్నాను. ఈ వ్యాపారంలో అసలు పని అక్కడే. ఎండిన ఆకుని జల్లెడ మీద రుద్ది నూగంతా రాల్చేస్తారు, లేకపోతే గొంతులో దురద. అందుకే పొడిలో నూగు మిగలదు, మెత్తగా దంచేసిన ముక్కల్లో ఇంకేమీ మిగలదు. ఆకు అడుగున ఊపిరి పీల్చే రంధ్రాలు లెక్కపెట్టి చూశాను, అక్కాచెల్లెళ్ళకి అవి కూడా ఒక్కలాగే ఉన్నాయి. తేడా తెలిపేది నూగే. అక్క నూగు కొసన రెండుగా చీలి ఉంటుంది, చెల్లిది ఒంటి సూది. పొడిలో లేని ఆ నూగు మరెక్కడికి పోయింది?

జల్లెడ కింద నడుమెత్తు పీపా ఉంది. మూత తీస్తే బూడిదరంగు దూది.

"ఇది ఎన్నాళ్ళకి ఖాళీ చేస్తారు?"

"రెండు నెలలకి. ఇంకా సగమే నిండింది." ఆ తర్వాత తొందరగా అన్నాడు, "ఇవాళ తీయించేద్దామనుకుంటున్నా."

"ఇవాళే ఎందుకో?"

నేను సంచిలోంచి పొడవాటి గాజు గొట్టం తీసి పీపాలోకి నిలువుగా దించాను. పైకి లాగితే రెండు నెలల పని పొరలు పొరలుగా అందులోకి వచ్చింది. అడుగున అన్నిటికన్నా పాతది, పైన అన్నిటికన్నా కొత్తది. పై పొర కాస్త తెల్లగా ఉంది. గొట్టం తీసిన చోట నూగు కూలి, ఎర్రగా ఏదో కనిపించింది. పట్టకారుతో అందుకున్నాను. జానెడు దారం. ముడి చెక్కుచెదరలేదు, పక్కన కత్తెరతో కోసి ఉంది.

"పదిహేడో మూట వెనక్కి పంపేశామన్నారు."

"అవును."

"ఏ బండిలో?"

"గుర్తులేదు."

"వెనక్కి పోయిన మూట దారం జల్లెడ కింద ఏం చేస్తోంది అల్లుడుగారూ? నడిచొచ్చిందా?"

ఆయన చిత్రంగా తేలికపడ్డాడు. "మామయ్యగారే కోశారండీ. శుక్రవారం తొమ్మిదింటికి. ఆర్డరు నిలబడిపోయింది, ఇంకో మూట లేదు. 'ఒక ముసలిదాని వేలికి నేను జడిసేదేంటి' అన్నారు. ఆయనే దగ్గరుండి జల్లెడ పట్టించి, మొదటి డబ్బా తనే తీసుకున్నారు, తాగి చూపిస్తానని. పన్నెండుకల్లా ప్యాకింగ్ అయిపోయింది."

"ఈ ముక్క పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పి ఏం లాభమండీ? సరుకు శుభ్రమని రిపోర్టు వచ్చింది. అంటే మామయ్యగారే రైటు, పెద్దమ్మే పొరబడింది. మంచి మూటకి దారం కట్టిందని చెప్పి ఆవిడ పరువు కూడా తియ్యమంటారా?"

ఎంత జాలిగుండె! లాగి ఒకటి ఇవ్వాలనిపించింది. కానీ ఆయన మాటలో తప్పు పట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ రిపోర్టు గొడుగు కింద దర్జాగా నిలబడి ఉన్నాడు.

"ఆ ప్యాకెట్లెక్కడ?"

"పొద్దున ఎనిమిదింటికి వ్యాన్‌లో వెళ్ళిపోయాయి. ఆరువందల నలభై."

పన్నెండూ ఇరవైకి పరీక్షాలయం. మైక్రాన్ మాస్టారు తన గదిలో, తన మైక్రోస్కోపు ముందు, తన దగ్గుతో ఉన్నాడు. నన్ను చూడగానే ఆ దగ్గు ఎక్కువైంది.

"మళ్ళీ మీరా?"

"మళ్ళీ నేనే. జల్లెడ కింది పీపాలోంచి తీసిన ఈ గొట్టం పై పొర చూడండి. ఒంటి సూదులు. కింద పొరలన్నీ రెండుగా చీలిన నూగు. చివరిసారి జల్లెడ పట్టింది చెల్లాకు."

"మూత లేని పీపా, మేడమ్. ఎవరైనా వెయ్యొచ్చు. మీ పెద్దమ్మ కూడా వెయ్యొచ్చు." మళ్ళీ దగ్గు. ఫ్లాస్కు వంచి కప్పు నింపుకుని ఒక గుక్క తాగాడు. "వేళ్ళూ నూగూ కబుర్లు చెబుతాయి. అంకెలు సాక్ష్యం చెబుతాయి."

"మూత ఉంది. నా చేత్తోనే తీశాను. ముందు చూడండి, తర్వాత కబుర్లు."

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆయన మొండివాడే కానీ దొంగ కాదు. నిట్టూర్చి, పై పొరలోంచి చిటికెడు తీసి అద్దం మీద పరిచి కంటిని ఆనించాడు.

"సూదులే," అన్నాడు చివరికి. "నూగులో చిక్కుకుని పుప్పొడి కూడా ఉంది. దాన్ని కొలిచారా?"

నేను కొలవలేదు. కొలిచే టైమెక్కడిది?

"నేను కొలుస్తున్నాను, వినండి. ముప్పై రెండు. ముప్పై రెండు. ముప్పై ఒకటిన్నర. ముప్పై రెండు." తల ఎత్తాడు. "చెల్లాకు స్లైడు నలభై. మీరు తెచ్చిన సాక్ష్యం మీ నోరే మూయించింది."

"మరి సూదుల మాటేమిటి?"

"లేతాకు నూగు కొన్నిసార్లు చీలకుండానే ఉండొచ్చు. నాకు తెలీదు. తెలియనిదాన్ని రిపోర్టులో రాయను."

"అక్కాకు పుప్పొడి ఎంతుంటుందో కొలిచారా? దాని స్లైడేది?"

"మ్యూజియంలో లేదు, పగిలిపోయిందిట. అవసరం కూడా లేదు. ఉన్నవి రెండు మొక్కలు. చెల్లెలు కానిది అక్క."

"మరి పెద్దమ్మ..."

"మీ పెద్దమ్మ నలభైలు జేబులో వేసుకు తిరిగింది! ఇంకేం కావాలి మీకు?" గట్టిగా అరిచేసరికి దగ్గుతెర కమ్ముకుంది. ఇంకో గుక్క తాగి, కప్పు నాకేసి ఎత్తి చూపించాడు. "ఇదేంటో తెలుసా? మీరు విషమంటున్న సరుకే. పరీక్షకి తెచ్చిన ప్యాకెట్లో మిగిలింది. పొద్దుటి నుంచి ఇదే తాగుతున్నా. నా రిపోర్టు మీద నాకంత నమ్మకం. మీ పెద్దమ్మ వేళ్ళ మీద మీకుందా ఆ నమ్మకం?"

ఉందని చెప్పలేకపోయాను. నేను గుమ్మం దాటుతుండగా ఆయన అటెండరు మీద పడ్డాడు. "ఏమయ్యా, తెల్లకాగితాలు తెమ్మంటే ఈ పాత కట్ట తెచ్చావేం? అంతా పచ్చబడిపోయి ఉంటేనూ!"

"కొత్త కట్టేనండీ," అంటున్నాడు అటెండరు.

నాకు ఎవరి కాగితాలతోనూ పనిలేదు. తల దించుకుని బయటికొచ్చేశాను. అంత ఓడిపోయినట్టు నాకు ఎన్నడూ అనిపించలేదు.

ఒకటీ నలభైకి కాలేజీ మొక్కల మ్యూజియానికి వెళ్ళాను, స్లైడు తిరిగి ఇచ్చేద్దామని. దాన్ని ముప్పై నాలుగేళ్ళుగా చూసుకుంటున్నది మా మేనత్త. ఎండబెట్టిన ఆకులన్నీ ఆవిడకి పిల్లలే. పెద్దమ్మా ఆవిడా స్నేహితులు, ఈ కేసు నా నెత్తిన పెట్టింది కూడా ఆవిడే.

"తీసుకో అత్తయ్యా నీ స్లైడు," అని బల్ల మీద పెట్టాను. "నలభైకి నలభై. పెద్దమ్మ పని అయిపోయింది."

"ఏమిటే నలభై?"

"చెల్లాకు పుప్పొడి."

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుంది. "చెల్లాకు పుప్పొడి నలభై ఎక్కడిదే? అది అక్కాకుది."

"ఇదిగో, ఈ స్లైడు మీద నీ చేతిరాతే కదా? చెల్లాకు. నేను కొలిచాను. ఆయన కొలిచాడు."

"స్లైడు చెల్లాకుదే. అంకె చెల్లాకుది కాదు." లేచి, బీరువాలోంచి అట్ట ఊడిన రిజిస్టరు తీసి వేలితో పేజీ వెతికింది. "స్లైడు ఎక్కించిన రోజునే కొలత రాసి పెట్టుకోవడం మా పద్ధతి. చదువు."

ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి తారీకు. నీలి సిరా. *చెల్లాకు, పుప్పొడి, ముప్పై రెండు.* దాని కింద వరసలో, *అక్కాకు, పుప్పొడి, నలభై.*

"మరి స్లైడులో నలభై ఎలా వచ్చింది?"

"ఊరింది," అంది అత్తయ్య, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు. "అప్పట్లో గ్లిజరిన్ జెల్లీలో ఎక్కించేవాళ్ళం. అందులో పడ్డ పుప్పొడి ఏళ్ళు గడిచేకొద్దీ ఊరుతూనే ఉంటుంది, నానబోసిన శనగలా. పాత స్లైడులో ఆకారం చూడాలి కానీ సైజు చూడకూడదు. సైజుకి రిజిస్టరు చూడాలి. మావాళ్ళలో ఎవర్నడిగినా చెబుతారు."

"ఈ మాట మూడు రోజుల కిందట చెప్పకూడదూ?"

"నువ్వడిగావా? స్లైడు ఇమ్మన్నావు, ఇచ్చాను. ఆ పెద్దమనిషైతే నేను లేనప్పుడొచ్చి ఫొటోలు తీసుకుపోయాడు. రిజిస్టరు ఉందా అని ఒక్కరైనా అడిగారా?"

అడగలేదు. మాస్టారూ అడగలేదు, నేనూ అడగలేదు. కోప్పడదామంటే నేను తప్ప ఎవరూ దొరకలేదు.

అన్నీ ఒక్కొక్కటే వాటి చోట్లో కూర్చున్నాయి. పెద్దమ్మ జేబులో నలభై మంచి ఆకుది, ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఏరుతున్నదే. సూదుల మధ్య చిక్కుకున్న ముప్పై రెండు చెల్లాకుది. యజమాని డబ్బాలో ముప్పై రెండు. ప్యాకెట్లలో ముప్పై రెండు. ఆయన కప్పులో ఎవరూ ఏమీ కలపలేదు. పెద్దమ్మ కట్టిన దారం తనే కోసి, తనే తాగాడు. మూడు రోజులుగా దేనికీ పొసగక నన్ను ఏడిపించిన అంకే విషం.

ఆ విషం పొద్దున ఎనిమిదింటికి వ్యానెక్కింది. నేను స్టేషన్‌కి ఫోన్ చేసి వ్యాన్ ఆపమని అరిచాను. రిజిస్టరు పట్టుకొస్తున్నానని కూడా చెప్పాను. ఇన్‌స్పెక్టరు తాపీగా విన్నాడు.

"వ్యాన్ సంగతి చూస్తాను. కానీ కోర్టులో ఉన్నది ప్రభుత్వ నిపుణుడి రిపోర్టు. మీ అత్తయ్యగారి పాత పుస్తకం కాదు. ఆయన తప్పని ఆయనే రాసి సంతకం పెడితే నాలుగింటికి ఆవిణ్ణి వదిలేస్తారు. లేకపోతే నా చేతుల్లో లేదు."

రెండూ పది. మాస్టారి నంబరు తిప్పుతుంటే నా వేళ్ళు ఆగిపోయాయి. పాలు పచ్చగా ఉన్నాయని అరిచాడు యజమాని. పాలు తెల్లగానే ఉన్నాయి. కాగితాలు పచ్చబడ్డాయని అరిచాడు మాస్టారు.

కొత్త కట్టేనండీ.

ఆరోసారి మోగాక ఫోనెత్తాడు. "మీరేనా? ఇంకా ఏం మిగిలిందని?"

"ముందు ఆ ఫ్లాస్కు పక్కన పెట్టండి. మాస్టారూ, దయచేసి, పక్కన పెట్టండి. ఆ స్లైడు ముప్పై ఒక్క ఏళ్ళ నాటిది. గ్లిజరిన్ జెల్లీలో ఎక్కించారు. ఎక్కించిన రోజు కొలత రిజిస్టరులో ఉంది."

ఆయనకి అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ చదువు చదివినవాడు. అవతల దగ్గు ఆగిపోయింది.

"ఎంత?" అన్నాడు.

"ముప్పై రెండు."

"జెల్లీ అని నేను చూసుకోవాలి. నా పని అది," అన్నాడు మెల్లగా. ఆ తర్వాత ఎప్పుడూ కొలతలు చదివే గొంతుతోనే అన్నాడు, "నాలుగు కప్పులు. మొదటిది ఏడున్నరకి. చివరిది మీరు ఫోన్ చేసే ముందు."

"డాక్టర్ని పిలవండి! అటెండరేడీ? అటెండర్ని పిలవండి!"

"భోజనానికి వెళ్ళాడు. మేడమ్, ఒక్క నిమిషం. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రాస్తున్నాను. ఆవిడ తప్పేమీ లేదని. నాలుగు వాక్యాలు చాలు." కాగితం చప్పుడు, కలం చప్పుడు వినిపించాయి. "కాగితం నిజంగా తెల్లగానే ఉందా? నాకు పసుపు నీళ్ళలో ముంచినట్టుంది. గీతలు కూడా సరిగ్గా... మూడో వాక్యం అయింది. సంతకం ఇంకా..."

కుర్చీ పడిన చప్పుడు. కలం దొర్లి నేల మీద పడిన చప్పుడు.

"మాస్టారూ!"

ఫోను అత్తయ్య చేతిలో పెట్టి, డాక్టరుకి చెప్పమని కేకేసి, రిజిస్టరు చంకలో ఇరికించుకుని మెట్ల మీద పరిగెత్తాను. పెద్దమ్మని విడిపించగల సంతకం ప్రపంచంలో ఒక్కడి చేతిలోనే ఉంది. నేను ఆయన తప్పు రుజువు చెయ్యాలని మూడు రోజులుగా కోరుకున్నాను. ఇప్పుడు ఆయన బతకాలని కోరుకుంటున్నాను. పరీక్షాలయానికి ఇరవై నిమిషాల దారి, యజమాని పాల మీద అరిచాక బతికింది పది నిమిషాలు.